రాళ్ల సందున పూల మొక్కలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఇంటి ముందు రాళ్లు పేర్చి, వాటి నడుమ పూలమొక్కలు పెంచాలని ఈ మధ్య చాలామంది రాస్తున్నారు. నల్లగొండ, పాలమూరు వైపు రాళ్లకేం కొదవ లేదు. మొక్క ఎంపికలోనూ మట్టి కలపడంలోనూ మాత్రం ఎక్కువమంది ఒకే రకంగా పొరబడుతున్నారు. అందుకే ఈసారి పేజీ మొత్తం ఆ ఉత్తరాలకే ఇచ్చాం.

ప్రశ్న: మా మేనమామ కొడుకు జర్మనీ నుంచి ఎడెల్వైస్, సాక్సిఫ్రేజ్ అనే కొండపూల విత్తనాల పొట్లాలు తెచ్చిండు. గడ్డకట్టే చలికి కూడా చావని మొండి మొక్కలని పొట్లం మీద రాసి ఉన్నది. మంచుకే చావనిది మా ఎండకెందుకు చావాలె? ఎట్ల పెంచాలో చెప్పండి.
– ఓ పాఠకుడు, మహబూబ్‌నగర్

మంచును తట్టుకోవడం వేరు, వేడి రాత్రిని తట్టుకోవడం వేరు. ఎడెల్వైస్ ఆల్ప్స్ పర్వతాల్లో 1,800 నుంచి 3,000 మీటర్ల ఎత్తున, ఎక్కువగా సున్నపురాతి నేలల్లో పెరుగుతుంది. అక్కడా పగటి ఎండ చురుక్కుమంటుంది. దాని ఆకుల మీది తెల్లటి నూగు ఆ ఎండనూ గాలినీ కాచుకోవడానికే. కానీ పొద్దుగూకగానే అక్కడ చల్లబడుతుంది, అసలు తేడా అదే. పగలు ఆకుల్లో తయారైన చక్కెరలో కొంత రాత్రి శ్వాసకు ఖర్చవుతుంది. రాత్రి ఎంత వెచ్చగా ఉంటే ఆ ఖర్చు అంత పెరుగుతుంది. మే నెలలో మన దగ్గర తెల్లవారుజామున కూడా 27, 28 డిగ్రీలు ఉంటుంది. రాబడి కన్నా ఖర్చు ఎక్కువై, నాలుగైదు వారాల్లో మొక్క నీరసించిపోతుంది. చూసేవాళ్లకు ఎండకు మాడినట్టు కనిపిస్తుంది గానీ అది నిజానికి ఆకలితో పోతుంది. నీడలో పెట్టినా, రోజుకు రెండుసార్లు నీళ్లు పోసినా నిలవకపోవడానికి కారణం ఇదే. పైగా ఆ నీళ్లకు మొదలు కుళ్లుతుంది. ఎండాకాలం గట్టెక్కిందే అనుకున్నా, జూలైలో వెచ్చటి ముసురు పట్టినప్పుడు బూజు తెగులు రెండు మూడు రోజుల్లో ముగించేస్తుంది.

ఇంకో మాట కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. విత్తనం నుంచి వచ్చిన ఎడెల్వైస్ సాధారణంగా రెండో ఏడు పూస్తుంది. అంటే మధ్యలో ఒక ఎండాకాలం దాటాలి. మన దగ్గర అది జరగని పని. కాబట్టి పువ్వు మీద ఆశ పెట్టుకోకండి. మొలకెత్తించి, నాలుగు నెలలు ఆ వెండి రంగు ఆకులు చూద్దామనుకుంటే మాత్రం ఇలా చేయండి.

అక్టోబరు మొదటి వారంలో మూడు చెంచాల సన్నటి ఇసుకను కడిగి, పిండితే చుక్క కారనంత తడిగా ఉంచండి. విత్తనం అందులో కలిపి చిన్న మూత డబ్బాలో పెట్టి, తేదీ రాయండి. దాన్ని ఫ్రిజ్‌లో మామూలు అరలో, 4 డిగ్రీల దగ్గర, ఆరు వారాలు ఉంచాలి. పైనున్న ఐసు గదిలో పెట్టొద్దు. ఈ చలి తగిలితేనే సాక్సిఫ్రేజ్ విత్తనానికి శీతాకాలం గడిచిందని తెలుస్తుంది. ఎడెల్వైస్ చలి లేకున్నా కొంత మొలుస్తుంది, చలి ఇస్తే ఎక్కువగా, ఒకేసారి మొలుస్తుంది. వారానికోసారి మూత తీసి బూజు పట్టిందేమో చూడండి.

నవంబరు నడిమిలో 4 అంగుళాల మట్టికుండీలో జల్లెడ పట్టిన కంపోస్టు, గరుకు ఇసుక, 6 ఎం.ఎం. రాతి చిప్స్ సమపాళ్లలో నింపి, విత్తనాన్ని ఇసుకతో సహా పైన చల్లండి. మట్టి కప్పొద్దు, ఈ విత్తనానికి వెలుతురు కావాలి. నీళ్లు పై నుంచి పోస్తే దుమ్ములాంటి విత్తనం కొట్టుకుపోతుంది. కుండీని నీళ్ల పళ్లెంలో పావుగంట నిలబెట్టి తీసేయండి. రెండు నుంచి నాలుగు వారాల్లో మొలకలు వస్తాయి. మొలక మొదట్లో దారంలా సన్నబడి పక్కకు వాలిందంటే నారుకుళ్లు తెగులు వచ్చినట్టు. తడి ఎక్కువైంది, గాలి తక్కువైంది అని అర్థం.

వచ్చేసారి విత్తనం తెప్పించే ముందు ఒక సంగతి గుర్తుంచుకోండి. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం విదేశీ విత్తనానికి దిగుమతి అనుమతి, ఆ దేశం ఇచ్చిన ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (తెగుళ్లు, పురుగులు లేవనే ధ్రువపత్రం) ఉండాలి.

కొండ మీది పూల మెత్తలాంటి అందమే మీకు కావాలంటే అలిస్సం, డయాంథస్ వేయండి. రెంటినీ అక్టోబరు మొదట్లో చల్లుకోవచ్చు. అలిస్సం ఆరు నుంచి ఎనిమిది వారాల్లో జానెడు ఎత్తు కూడా లేకుండా, రాయి మీదికి తెల్లగా పాకి పూస్తుంది. డయాంథస్ జనవరి నుంచి మార్చి దాకా పూస్తుంది. ఆల్ప్స్‌లో రాళ్ల మీద పూసే చిన్న డయాంథస్‌లకు ఇది దగ్గరి చుట్టమే. ఏప్రిల్‌లో రెండూ పోతాయి, మళ్లీ అక్టోబరులో వేసుకోవాలి. అసలైన ఎత్తుకొండల పూలను చూడాలంటే ఉత్తరాఖండ్‌లోని పూలలోయకు జూలై, ఆగస్టుల్లో వెళ్లండి. అవి పుట్టిన చోట చూస్తేనే వాటికి ఏం కావాలో తెలుస్తుంది.

ప్రశ్న: రాక్ గార్డెన్ అంటే చండీగఢ్‌లో ఉన్నట్టు బొమ్మలు పెట్టాలా?
– ఓ విద్యార్థిని, జడ్చర్ల

అక్కరలేదమ్మా. చండీగఢ్‌లో నేక్‌చంద్ పగిలిన గాజులు, పింగాణీ ముక్కల్లాంటి వ్యర్థాలతో కట్టినది, 1976లో జనానికి తెరిచినది శిల్పాల తోట. మనం ఇక్కడ మాట్లాడుకుంటున్నది మొక్కల కోసం రాళ్లు పేర్చడం గురించి.

ప్రశ్న: ఇంటి ముందర 6 అడుగుల పొడుగు, 4 అడుగుల వెడల్పు జాగా ఉన్నది. చెల్క నేల. పొలం గట్ల మీద రాళ్లు బోలెడు. పోయినేడు మట్టి కుప్పబోసి పైన రాళ్లు పెట్టిన. వానకు రాళ్లు జారినయి, మొక్కలు ఎండినయి. ఎక్కడ తప్పు జరిగింది?
– ఓ పాఠకుడు, దేవరకొండ

రాళ్లు మట్టి పైన పెట్టడంలోనే తప్పు జరిగింది. రాయి మట్టిలోకి దిగాలి. ఏప్రిల్ ఎండలో ఏ పొలం గట్టు మీదైనా సగం పాతుకుపోయిన రాయిని గడ్డపారతో లేపి చూడండి. చుట్టూ నేల పగుళ్లిచ్చి ఉన్నా రాయి అడుగున మట్టి నల్లగా, చల్లగా ఉంటుంది. తెల్లటి సన్న వేళ్లు రాతి అడుగును వలలా అంటిపెట్టుకుని ఉంటాయి. రాయి కింద తడి ఆవిరైపోదని వేరుకు తెలుసు. రాళ్ల తోట మొత్తం ఆ చల్లటి అడుగు కోసమే. పైన కనిపించే రాయి అందానికి, కింద దాగిన రాయి మొక్కకు. ఆల్ప్స్‌లోనైనా దేవరకొండలోనైనా రాతి మొక్క అడిగేవి రెండే: వేరుకు తడి, మొదలుకు ఆరుదల.

మీ జాగాకు లెక్క చెబుతాం. ముందు ఆరు అంగుళాల లోతు తవ్వి 40 ఎం.ఎం. కంకర, ఇటుక ముక్కలు నింపండి. సుమారు పది సిమెంటు సంచుల నిండా పడుతుంది. చెల్క నేల కాబట్టి తవ్వమంటున్నాం. రేగడి ఉన్నవాళ్లు తవ్వకూడదు. రేగట్లో గుంత తీస్తే వాననీళ్లన్నీ అందులోనే నిలిచి వేళ్లు కుళ్లుతాయి. వాళ్లు కంకరను నేల మీదే పరచి, గుట్టను ఇంకో అర అడుగు లేపాలి.

కంకర మీద పోసే మట్టి: ఎర్రమట్టి 6 సంచులు, గరుకు ఇసుక 3, 6 ఎం.ఎం. చిప్స్ 3, బాగా మాగిన పశువుల ఎరువు 3. పొడిగా ఉన్నప్పుడే పారతో మూడుసార్లు తిరగేయండి. ఇసుకకు బదులు క్రషర్ డస్ట్ వేయొద్దు. చవకగా దొరుకుతుందని చాలామంది వేస్తున్నారు గానీ, అందులోని సన్నటి పొడి రెండు వానలకే సిమెంటులా బిగుసుకుంటుంది. పచ్చి పేడ కూడా వద్దు. అది కుళ్లేటప్పుడు వేడి పుడుతుంది, చెదలూ వస్తాయి.

రాళ్లు ఏడు నుంచి తొమ్మిది చాలు. అన్నీ ఒకే జాతివి, పాచి మరకలున్న పాత రాళ్లయితే చూడటానికి గుట్టలోంచి పుట్టినట్టు ఉంటాయి. అన్నింటికన్నా పెద్దది రెండడుగులుంటే బాగుంటుంది. అలాంటి రాయి వంద కిలోలు దాటుతుంది, ఒక్కరే లేపబోకండి. పెద్దవాటిని కింది వరుసలో, మూడో వంతు మట్టిలోకి దిగేలా, పై అంచు వెనక్కి వాలేలా పెట్టండి. వెనక్కి వాలితే రాయి మీద పడ్డ వాన గుట్ట లోపలికి, వేళ్ల దగ్గరికి పోతుంది. ముందుకు వాలితే నీళ్లు బయటికి జారిపోతాయి, మట్టిని కూడా కోసుకుపోతాయి. మీ రాళ్లు జారడానికీ మొక్కలు ఎండడానికీ ఈ ఒక్క కారణమే చాలు. ప్రతి రాయి మీదా నిలబడి చూడండి. కదిలితే తీసి మళ్లీ పెట్టండి. రాయికీ రాయికీ మధ్య సందుల్లో మట్టిని కర్రతో కుక్కి నింపాలి. లోపల బోలు మిగిలితే అక్కడికి చేరిన వేరు గాలికి ఎండిపోతుంది.

ఇదంతా ఏప్రిల్, మే నెలల్లో పూర్తి చేసి, తొలి వానలకు గుట్టను కుంగనివ్వండి. కుంగిన చోట మళ్లీ మట్టి పోసి, ఆ తర్వాత మొక్కలు నాటండి. చివరగా మొక్కల మొదళ్ల చుట్టూ అంగుళం మందాన 6 ఎం.ఎం. చిప్స్ పరవండి. ఇది అలంకారం అనుకుని వదిలేస్తారు. వాన చినుకు మట్టిని ఆకుల మీదికి చిందించకుండా ఆపేది, మొదలును ఆరబెట్టేది, కింది తడిని కాపాడేది ఈ చిప్సే.

మన నల్లరాయి పగలంతా కాగి రాత్రి చాలాసేపు సెగ వదులుతుంది. అందుకని పడమటి వైపు ముళ్ల యుఫోర్బియా, ఎడారి గులాబీ లాంటి గట్టివి పెట్టండి. గడ్డిగులాబీ ఎక్కడైనా బతుకుతుంది, ఎండ తగిలితేనే విచ్చుకుంటుంది. తూర్పు, ఉత్తరపు సందులు చలికాలపు పూలకు ఉంచండి. నీళ్లు తెల్లవారుజామున, రాయి చల్లబడి ఉన్నప్పుడు పోయాలి. మధ్యాహ్నం ఎండలో పడున్న పైపులో మొదట వచ్చే నీళ్లు చెయ్యి కాలేంత వేడిగా ఉంటాయి.

ప్రశ్న: రాళ్ల సందుల్లకు తేళ్లు, పాములు వస్తయని మా అత్తమ్మ వద్దంటున్నది. నిజమేనా?
– ఓ గృహిణి, కల్వకుర్తి

మీ అత్తమ్మ భయంలో నిజముంది. తేలుకు కావలసింది రాయి కింద ఖాళీ, పాముకు కావలసింది ఎలుక, కప్ప. పైన చెప్పినట్టు సందులన్నీ మట్టితో కుక్కితే ఖాళీ మిగలదు. మిగిలిన రాళ్లు, ఇటుకలు పక్కన కుప్పగా వదిలేయకండి. తేళ్లు ఎక్కువగా ఉండేది అలాంటి కుప్పల్లోనే. గుట్టను గడపకు పదడుగుల దూరంలో పెట్టండి. గింజలు, అన్నం మెతుకులు అక్కడ పడేయొద్దు, వాటికే ఎలుకలు చేరతాయి. కలుపు తీసేటప్పుడు ముందు కర్రతో కదిలించి, గ్లౌజులు వేసుకుని చెయ్యి పెట్టండి. తొలకరి పడ్డ వారం రోజులు, చీకటి పడ్డాక, పిల్లల్ని అటు పోనివ్వకండి.

ప్రశ్న: నర్సరీ నుంచి తెచ్చిన ఎడారి గులాబీ (అడీనియం) రెండు మొక్కలను రాళ్ల మధ్య పెట్టిన. ఒకటి వానాకాలంలో మెత్తబడి వాలింది. ఇంకొకటి పచ్చగా ఏపుగా ఉన్నది గానీ పూయదు.
– ఓ పాఠకురాలు, వనపర్తి

ముందు మెత్తబడ్డ దాని సంగతి. లావుపాటి మొదలును బొటనవేలితో చుట్టూ నొక్కండి. ఒక పక్కనే మెత్తగా ఉంటే బతికించవచ్చు, చుట్టూ మెత్తబడితే కష్టం. మొక్కను పెకిలించి, మట్టి కడిగి, స్పిరిట్‌తో తుడిచిన కత్తితో కుళ్లిన భాగాన్ని చెక్కేయండి. లోపలి కండ తెల్లగా, గట్టిగా, ఎక్కడా గోధుమరంగు గీత లేకుండా కనిపించేదాకా కోయాలి. జాలిపడి కొంచెం మిగిల్చారంటే అక్కడి నుంచే మళ్లీ మొదలవుతుంది. కార్బెండజిమ్, మాంకోజెబ్ కలిసిన తెగులు మందు పొడిని నీళ్లతో ముద్దగా చేసి గాయానికి పూయండి. నీడలో, గాలి తగిలేచోట వారం పది రోజులు తలకిందులుగా వేలాడదీయండి. గాయం చెక్కలా ఎండాక పొడి మట్టిలో నాటి, ఇంకో వారం దాకా నీళ్లు పోయకండి.

ఎందుకు కుళ్లిందంటే, చాలా నర్సరీ మొక్కలు కోకోపీట్‌లో, అంటే కొబ్బరి పీచు పొట్టులో పెరుగుతాయి. ఆ ముద్దతో సహా నాటితే చుట్టూ గుట్ట ఎంత ఆరినా మొక్క అడుగున తడిసిన స్పాంజి పెట్టినట్టే. నాటే ముందు కోకోపీట్ మొత్తం కడిగేయాలి, వేళ్లు రెండ్రోజులు ఆరాలి. నాటడానికి ఫిబ్రవరి, మార్చి మంచి అదను.

రెండోది పూయకపోవడానికి యూరియా గానీ, నీడ గానీ కారణం అయి ఉంటుంది. రోజుకు ఆరు గంటల ఎండ తగిలే చోటుకు మార్చండి. నత్రజని ఎరువు ఆపండి. ఫిబ్రవరి చివర కొమ్మలను మూడో వంతు కత్తిరించండి. పువ్వు కొత్త చిగురు కొసలోనే వస్తుంది, కత్తిరించిన ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మొగ్గ తొడగాలి. కోసినప్పుడు కారే పాలు విషం. కళ్లకు తగలనివ్వొద్దు, కోసిన కొమ్మలు మేకలకు అందకుండా పూడ్చేయండి.

ప్రశ్న: మాది బోరు నీళ్లు, ఫ్లోరైడ్ ఉన్నదంటరు. రాళ్ల మీద, ఆకుల మీద తెల్లగ పొరలు కడుతున్నది. కొత్త ఆకులు పసుపు రంగుకు తిరుగుతున్నయి. నల్లగొండ టెక్నిక్ లెక్క పటిక, సున్నం కలిపి పోయాల్నా?
– ఓ ఉపాధ్యాయుడు, మునుగోడు

అలా చేయకండి మాస్టారూ. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే ఆ పద్ధతి తాగేనీటి కోసం. మీ మొక్కల ఇబ్బంది ఫ్లోరైడ్ కాదు. ఫ్లోరైడ్‌కు స్పైడర్ ప్లాంట్, డ్రసీనా లాంటివాటి ఆకుల కొసలు మాడతాయి. రాళ్ల తోట మొక్కలకు అంత బాధ ఉండదు. మీరు చూస్తున్న తెల్లపొర నీటిలోని సున్నపు ఉప్పులు. అవి మట్టిలో పేరుకుంటే ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. లేత ఆకు పసుపుపచ్చగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే అది ఇనుపధాతు లోపమే.

లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, సాయంత్రం ఆకులు తడిసేలా పిచికారీ చేయండి. వారం వ్యవధితో రెండుసార్లు చాలు. కలిపిన నీళ్లు తుప్పు రంగుకు తిరిగితే పారబోసి కొత్తగా కలపండి, ఆ మందు ఇక పనిచేయదు. నీళ్లు ఆకుల మీద కాక మొదలు పక్కన పోయండి. కొంచెం కొంచెం రోజూ చిలకరిస్తే ఉప్పు పైపొరలోనే నిలుస్తుంది. నాలుగు రోజులకోసారి కిందికి దిగేలా నిండుగా పోయడం మేలు. ఆర్వో మిషను వదిలే నీళ్లు మాత్రం మొక్కలకు పట్టకండి. అవి మీ బోరు నీళ్ల కన్నా ఉప్పగా ఉంటాయి. వానాకాలంలో రెండు డ్రమ్ముల నీళ్లు పట్టి మూతపెట్టుకుంటే నారు పోసుకునే పనికి సరిపోతాయి. ఇంకొకటి, గుట్టకు నాపరాళ్లు వాడి ఉంటే అవి సున్నపురాయి జాతివే. మీ నీళ్లకు తోడు అవి కూడా ఎందుకు? మీ ఊరి గుండ్లే వాడండి.

ప్రశ్న: మా దగ్గర గుట్టల మీద ఎవరూ నీళ్లు పోయకున్నా ఎన్నో పూస్తయి. వాటినే తెచ్చి పెట్టుకోవచ్చా?
– ఓ పాఠకుడు, అచ్చంపేట

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మాకు అన్నింటికన్నా సంతోషం కలిగించింది మీదే. ఆల్ప్స్ వాళ్లకు ఎడెల్వైస్ ఎలాంటిదో, మన గుట్టలకు ఇవి అలాంటివి. అయితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం నుంచి ఒక్క మొక్క కూడా పెకిలించకూడదు, అది నేరం. సొంత పొలం గట్టు మీదివీ, తెలిసినవాళ్ల చెల్కల్లోవీ, వాళ్లనడిగి తెచ్చుకోండి. అది కూడా వేరుతో కాక విత్తనంగానో ముక్కగానో తెండి.

కుందేటి కొమ్ముల మొక్క నుంచి నాలుగు అంగుళాల ముక్క విరిచి, మూడు రోజులు ఆరబెట్టి, చిప్స్‌లో అంగుళం లోతు గుచ్చితే నాటుకుంటుంది. కొద్దిగా నీడ తగిలే సందు దానికి ఇష్టం. విష్ణుక్రాంత గింజలు రాలేలోపు ఎండిన కాయలు సేకరించి, తొలకరికి చల్లండి. నేలబారుగా పాకి, పొద్దున చిన్న చిన్న నీలం పూలు పూస్తుంది. నక్క ఉల్లిగడ్డను గడ్డ మెడ పైకి కనిపించేలా నాటండి. ఎండాకాలంలో ఆకు ఒక్కటీ లేకుండా కాడ లేచి పూస్తుంది, ఆకులు వానలతో వస్తాయి. ఆకులు ఎండిపోయినప్పుడు చచ్చిందనుకుని నీళ్లు పోస్తే గడ్డ కుళ్లుతుంది. ఈ గడ్డ విషం, ఉల్లిగడ్డ అనుకుని పిల్లలు ముట్టకుండా చూసుకోండి. అడవినాభి కూడా వానలకు అగ్గిమంటల్లా పూస్తుంది, కానీ దుంప నుంచి గింజ దాకా అంతా విషమే. చిన్నపిల్లలున్న ఇంట్లో పెట్టొద్దు. తంగేడు మాత్రం చిన్న గుట్టకు పనికిరాదు. ఆరడుగులు పెరిగి అన్నింటినీ కప్పేస్తుంది. గుట్ట వెనకాల నేలలో వేసుకోండి, బతుకమ్మకు పూలుంటాయి.

ప్రశ్న: మాది మిద్దె ఇల్లు, కింద జాగా లేదు. మిద్దె మీద రాళ్ల తోట వేయొచ్చా? ఊర్లో పాత రాతి కుడితి గోలెం ఒకటి ఊరికే పడున్నది.
– ఓ పాఠకురాలు, సూర్యాపేట

గుట్ట వేయొద్దు. ఘనపుటడుగు నల్లరాయి 75 కిలోలు, తడిసిన మట్టి 50 కిలోల దాకా తూగుతుంది. గుట్టంటే టన్ను దాటుతుంది. గోలెం మాత్రం దొరకబుచ్చుకోండి. ఇంగ్లండులో కొండమొక్కల ప్రియులు పశువుల పాత రాతి తొట్లను వెతికి కొని, వాటిలోనే పెంచుతారు. రాతి తొట్టి కూడా బరువే కాబట్టి మిద్దె నడిమిలో కాక, కింద గోడ ఉన్న చోట, దూలం మీదుగా పెట్టించండి. అంత బరువు ఆగుతుందో లేదో ముందుగా ఇల్లు కట్టిన మేస్త్రీనో ఇంజనీరునో అడగండి. అనుమానముంటే మెట్ల పక్కన నేల మీదే ఉంచండి.

గోలేనికి అడుగున రంధ్రం ఉండదు. బోర్లించి, రాయి తొలిచే బిట్‌తో అర అంగుళం రంధ్రాలు మూడు వేయించండి. సుత్తి, ఉలితో కొడితే పగిలే ప్రమాదముంది. మిషను తిరిగేటప్పుడు సన్నగా నీళ్లు పోస్తుంటే బిట్ కాలదు. రంధ్రాల మీద కుండపెంకులు బోర్లించి, రెండంగుళాలు కంకర, ఆపైన ఎర్రమట్టి, చిప్స్, ఎరువు 2:2:1 పాళ్లలో నింపండి. పిడికిలంత రాళ్లు మూడు, సగం మట్టిలోకి దిగేలా పెట్టండి. గోలేన్ని రెండు ఇటుకల మీద, ఒక పక్క అర అంగుళం ఎత్తుగా నిలబెట్టండి. కింద గాలి ఆడకపోతే రంధ్రాలు వేయించినా నీళ్లు దిగవు.